పరిశుద్ధత కోసం దూరం పెట్టిన బావ

2022 ఆషాఢం. అప్పుడు నేను హైదరాబాద్ పాతబస్తీలో జహనుమా దగ్గర ఒక చిన్న ఆసుపత్రి లేబర్ రూములో స్టాఫ్ నర్సుని. బోనాల ఆదివారం మధ్యాహ్నం రేణుక అనే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కాసేపటికే పోస్ట్‌పార్టమ్ హెమరేజ్ మొదలైంది. అంటే కాన్పయ్యాక ఆగకుండా రక్తం పోవడం. ఇంజెక్షన్లతో కొంత తగ్గినా ఆమె పెదవులు పాలిపోయాయి. ఆమెది ఏ నెగెటివ్. బ్లడ్‌బ్యాంకులో దొరికిన ఒక్క సంచీ అప్పటికే ఎక్కుతోంది.

తోబుట్టువులెవరైనా ఉన్నారా అని ఆమె భర్త దానియేలును అడిగాను. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. తల దించుకున్నాడు.

"వాళ్లన్న మల్లేశ్‌ది గదే గ్రూపు సిస్టర్. గని మాకు మాటల్లేవు."

"ఎందుకు?"

"నేను బాప్తిస్మం తీస్కున్న. ఆయన బోనాల ఊరేగింపుల అమ్మవారి ముందట పోతరాజు ఆడుతడు. పరిశుద్ధంగ బతకాల్నని ఆ గడప తొక్కుత లేను. రేణుకను గూడ పోనియ్యలే. ఇప్పుడు ఆయన రక్తమంటే మనసొప్పుత లేదు."

నేనూ విశ్వాసినే. దానియేలు తాగుడు మానేసి మనిషైనవాడని రేణుక పొద్దునే చెప్పింది. పరిశుద్ధత అతనికి ఉత్తమాట కాదు. అందుకే కసరలేకపోయాను. లోపలికి వెళ్లి రేణుకనే అడిగాను.

"మా అన్నను పిలువు అక్కా," అంది. ఫోన్ నంబరు ఆమే చెప్పింది.

మల్లేశ్ ఊరేగింపులోంచి నేరుగా వచ్చాడు. ఒంటినిండా పసుపు, కాళ్లకు గజ్జెలు.

"పొద్దటి సంది ఏం తినలే, ఒక్కపొద్దు ఉన్న," అన్నాడు.

"ఖాళీ కడుపుతో రక్తం తీయరన్నా."

కాళ్ల గజ్జెలవైపు చూసుకున్నాడు. ఆ నిష్ఠ అతనికెంత ముఖ్యమో ముఖంలోనే తెలిసింది. "అమ్మవారికి తర్వాత చెప్పుకుంట. ఏమన్న తెప్పియ్యిండ్రి."

గోడవారగా నిలబడి వింటున్న దానియేలు గబగబా మెట్లు దిగాడు. చాయ్, బిస్కెట్లు తెచ్చి మల్లేశ్ చేతిలో పెట్టాడు.

"తిను బావా. ఇన్ని దినాలు మీ ఇంట్ల నీళ్లు గూడ ముట్టలే. మాఫ్ చెయ్యి."

"గదంత తర్వాత. చెల్లె ఎట్లున్నది?"

క్రాస్‌మ్యాచ్, అంటే దాత రక్తం రోగికి సరిపడుతుందా అని చూసే పరీక్ష, బాగానే వచ్చింది. మల్లేశ్ ఇచ్చిన రెండో సంచీ సగం ఎక్కేసరికి రేణుక ఆకలవుతోందంది. ఆ మాట చెబుదామని తలుపు తీశాను.

బయట దానియేలు కళ్లు తుడుచుకుంటున్నాడు. "ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకున్నడని సండే స్కూల్ల పిల్లలకు నేనే చెప్త సిస్టర్. ముట్టుకుంటే రోగి బాగైండు, ఆయనకేం అంటలే. నోటితోని చెప్పిన గని నాకే ఎక్కలే."

మల్లేశ్ కుళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. దానియేలు పాపను అతని చేతుల్లో పెట్టాడు.

పరిశుద్ధత లేనిదే క్రైస్తవ జీవితం లేదని చిన్నప్పటినుంచీ విన్నాను. ఇప్పటికీ నమ్ముతాను. పాపానికి ఎడంగా ఉండాలి, నిజమే. మనిషికి ఎడంగా జరిగి దాన్నే పరిశుద్ధత అనుకోవడం ఎంత తేలికో ఆ రోజు చూశాను. ఆలస్యం కాకముందే ఆ తేడా దానియేలుకు తెలిసింది. రేణుక బతికింది.