విమానానికి బొట్టు

పెద్ద విమానం ఫొటో తీస్తానని మనవరాలు సిద్దిపేట నుంచి శంషాబాద్ తీసుకొచ్చి, విమానాశ్రయం కంచె పక్కన నన్ను రెండు గంటలు ఎండలో నిలబెట్టింది. పక్కనే విజయవాడ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, కెమెరాతో, నోటుబుక్కుతో ఉన్నాడు.

"గా ఇనుప డబ్బ కోసం బస్సు కిరాయి పెట్టుకొని వచ్చినవా నాయినా?" అన్నాను.

"ఇరవై ఏళ్లుగా దీన్నే ఫొటోలు తీస్తున్నానమ్మా. ఇదే ఆఖరి ప్రయాణం. తర్వాత ముక్కలు చేసేస్తారు."

నాకు ఒళ్లు మండింది. మేము ముసలి ఎద్దును అమ్మినా బొట్టు పెట్టి, బెల్లం తినిపించి పంపిస్తాం.

"బొట్టన్న పెట్టిన్రా దానికి?"

ఆయన ఆశ్చర్యంగా నా వైపు తిరిగాడు. అంతలో విమానం లేచిపోయింది. ఆయనకు ఆఖరి ఫొటో తప్పిపోయింది.

"నానమ్మా, నీ నోరు ఊకోదా!" అని మనవరాలు అరిచింది.

ఆయన కాసేపు ఆకాశం చూసి, నోటుబుక్కులో అతికించిన ఆ విమానం పాత ఫొటో నా ముందు పెట్టాడు.

"మీరే పెట్టండమ్మా."

సణుక్కుంటూనే సంచిలోంచి కుంకుమ పొట్లం తీశాను.