ఆరు గంటల ఏడు నిమిషాలు

ఆ రోజుల్లో నాకు లెక్కల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. మనుషులకు నా మీద అసలే ఉండేది కాదు. అప్పుడు మందమర్రిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈస్టర్ నాడు పొద్దు పొడిచే వేళకు ఆరుబయట ఆరాధన చేయడం మా చర్చివాళ్ల అలవాటు. ఏటా నాలుగున్నరకే మైదానానికి వెళ్లి, పాడిన పాటే పాడుతూ, కాళ్లు పీకేదాకా నిలబడేవాళ్లం. ఆ ఏడు నేను మా ఊరి అక్షాంశం, రేఖాంశం వేసి, నోటుబుక్కులో మూడు పేజీలు నింపి తేల్చేశాను: సూర్యోదయం ఆరు గంటల ఏడు నిమిషాలకు. అంతకు ఇరవై నిమిషాల ముందే ముఖాలు కనిపించేంత వెలుగొస్తుంది. కాబట్టి ఐదున్నరకు వస్తే చాలు.

బాపు, అంటే మా నాన్న, నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "గిది సూర్యుని లెక్కనా, నీ నిద్ర లెక్కనా బిడ్డా?" (రెండూ ఉన్నాయి గానీ, రెండోది ఒప్పుకుంటానా!) సంఘపెద్ద గడియారం తాతకు ఇంకా అనుమానం. ఆయన వాచీ పది నిమిషాలు ముందు నడుస్తుంది, ఆయన దాన్ని తప్ప దేన్నీ నమ్మడు. "హైదరాబాద్ లెక్క తెచ్చి మనూరికి అతికిస్తలేవు గదా?" అని మూడుసార్లు అడిగాడు. చివరికి, "సరే. తప్పైతే మాత్రం మల్ల మీటింగుల నోరు తెరువద్దు," అన్నాడు. తెరవనన్నాను. పొగరు మరి!

ఆ రోజు నేను చెప్పిన వేళకే ముఖాలు కనిపించాయి. నా ముఖమైతే వెలిగిపోతోంది. ఆరూ ఏడైంది. సూర్యుడు లేడు. ఆరూ పదైంది. లేడు. "మొగులు సుత లేదు గదనే!" అని వెనక ఎవరో మబ్బుల్లేని ఆకాశం చూసి గొణిగారు. తాత వాచీని, నన్ను మార్చి మార్చి చూస్తున్నాడు. కూడికలో తప్పానా, తీసివేతలో తప్పానా అని నా మీద నాకే అనుమానం పట్టుకుంది. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు బాపు తూర్పు దిక్కుకు చెయ్యి చూపాడు. బొగ్గు గనిలోంచి తవ్విపోసిన మట్టి అక్కడ గుట్టయి కూర్చుంది. రోజూ చూసేదే, కానీ నా మూడు పేజీల్లో భూమంతా బల్లపరుపు.

"పోరి లెక్క కరెక్టే కాకా. సూర్యుడు ఎప్పుడో వచ్చిండు, గా మట్టి అడ్డమున్నది. పదహారేండ్లు డంపర్ నడిపి గా మట్టి పోసినోణ్ని నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టు," అన్నాడు తాతతో.

అందరూ నవ్వుతుండగానే, ఆరూ ఇరవై రెండుకు, గుట్ట మీద ఎర్రగా అంచు కనిపించింది. తాత మాత్రం నవ్వలేదు. "మరి గా గుట్టకెన్ని నిమిషాలో గది సుత లెక్క కట్టాలె గద! వచ్చే ఏడు మంచిగ కట్టి, మీటింగుల చెప్పు," అన్నాడు.

రేఖాంశం తెలిసి, బాపు పొద్దంతా ఏం మోస్తున్నాడో తెలియని ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. మా ఊళ్లో పొద్దెప్పుడు పొడుస్తుందని ఎవరడిగినా ఫోన్‌లో చూసి, పదిహేను నిమిషాలు కలిపి చెబుతాను. ఆ పదిహేనూ మా బాపువి.