పెద్ద టీచరు వాటా

పెద్ద టీచరు పోయారన్న కబురు మాకు వల తాడు మీద ఉండగానే అందింది. తెల్లవారుతూనే వేసిన అలివి వల అప్పటికి సగం ఒడ్డుకొచ్చింది. పడవలో దూరంగా తీసుకెళ్లి సముద్రంలో వేసి, ఒడ్డున రెండు వైపులా జనం బారులు తీరి తాళ్లు పట్టి లాగే పెద్ద వల అది. సగంలో వదిలేస్తే చేపలూ పోతాయి, వలా పోతుంది. రాత్రి నిద్రలోనే వెళ్లిపోయారని అరసవల్లి నుంచి ఆవిడ తమ్ముడు నాకు ఫోన్ చేశారు. నేను నా ముందున్న మా వదినకు చెప్పాను. వదిన తన ముందున్నవాళ్లకు చెప్పింది. అలా ఆ మాట తాడు పొడవునా నీళ్ల దాకా పోయింది. ఒక్కరూ చెయ్యి తియ్యలేదు. ఏడుస్తూనే లాగాం. ఆవిడ చూసి ఉంటే ఎంత సంబరపడేవారో!

ఆవిడ గురించి చెప్పాలంటే నాకు మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. కాస్త ఓర్చుకోండి. శ్రీకూర్మం దాటి సముద్రం దాకా వస్తే మా పేట. అక్కడి బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. నేను ఆవిడ దగ్గరే అక్షరాలు దిద్దుకుని, అదే బడిలో ఆవిడ పక్క క్లాసుకు టీచర్నయ్యాను. ఆవిడ పుట్టింది తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబంలో. కోడిగుడ్డు కూడా ముట్టరు. అలాంటి మనిషి వచ్చి పడింది ఎండుచేపల వాసన లేకుండా గాలి వీచని మా ఊళ్లో!

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అలివి తాడు మీద చెయ్యేసిన ప్రతివాళ్లకూ చేపల్లో వాటా ఉంటుంది. చిన్నపిల్ల అయినా సరే, దారిన పోయేవాడైనా సరే. అందుకని బడి గంట కొట్టినా మా పిల్లలు తాడు వదిలేవారు కాదు. అంతకుముందున్న మాస్టార్లు తిట్టి చూశారు, కొట్టి చూశారు. ఈవిడ వచ్చిన కొత్తలో ఒకరోజు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నేరుగా ఒడ్డుకొచ్చి, ఒక పిల్ల చేతిలోంచి తాడు తీసుకున్నారు. “నువ్వు బడికి పో. నీ తాడు నేను లాగుతాను” అన్నారు. ఆ పిల్లను నేనే. ఆవిడకు వాటా ఎలా ఇవ్వాలో తెలియక మా పేట పెద్ద తల గోక్కున్నాడు. ఆవిడేమో సంచి పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి బారెడు ముందుకు చాచి వేయించుకున్నారు. కవళ్లు అనే ఆ చిన్న చేపలు సంచిలో ఎగురుతుంటే ఈవిడ ఇటు ఎగిరారు. ఆ సంచి అలాగే తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, నా పేరు హాజరుపట్టీలో వేశారు. అప్పటి నుంచి రోజుకొకరి తాడు. రిటైరయ్యే దాకా ఆ పని మానలేదు.

మా పలకలు ఆవిడ దిద్దే తీరు కూడా వేరుగా ఉండేది. “తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాయి. చెరిపి దాచకు” అనేవారు. మాకు అది నచ్చేది కాదు. చెరిపేస్తే ఎవరికీ తెలియదు కదా, ఈవిడకేం పోయింది అనుకునేవాళ్లం.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అన్నయ్య హార్బరులో ఒక బోటులో కళాసీగా వెళ్లేవాడు. ఒకసారి గాలివానలో ఇంజను ఆగిపోయి, బోటు సరిహద్దు దాటి బంగ్లాదేశ్ వైపు కొట్టుకుపోయింది. అక్కడివాళ్లు అందరినీ పట్టుకుని జైల్లో పెట్టారు. మా పేట నుంచి మరో ఇద్దరు కూడా ఉన్నారు. పొరపాటున దాటారు, దయచేసి విడిపించండి అని పెద్ద టీచరు వాళ్ల భార్యల తరఫున అధికారులకు అర్జీల మీద అర్జీలు రాస్తూనే ఉన్నారు. ఎక్కడి నుంచీ ఏ కబురూ లేదు. మా వదిన అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బడి వెనక సరుగుడు తోటలో పిల్లలకు ఒక కుర్రాడు కనిపించాడు. పెదాలు పగిలిపోయి, ఒళ్లంతా ఉప్పు పట్టి ఉన్నాడు. పిల్లలు కేకలేసుకుంటూ వచ్చి పెద్ద టీచర్ని లాక్కుపోయారు. వాణ్ణి తెచ్చి మధ్యాహ్న భోజనం బియ్యం ఉంచే గదిలో కూర్చోబెట్టాం. అందరూ తలో ప్రశ్న వేస్తుంటే ఆవిడ, “ముందు తిననివ్వండి. తిన్నాక అడుగుదాం” అన్నారు.

వాడికి అన్నం తెచ్చిపెట్టిన మా వదిన పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర. తనకు ఒడియా వచ్చు. వాడి బెంగాలీ, వదిన ఒడియా ఎలాగో కలిశాయి. పేరు జమాల్. ఇరవై కూడా నిండలేదు. బంగ్లాదేశ్‌లో వాళ్ల ఊరు సగం నదిలో కలిసిపోయింది. తల్లిని అక్కడే ఉంచి, పని వెతుక్కుంటూ ఏ కాగితమూ లేకుండా ఇటు దాటి, ఒడిశాలో ఒక చేపల బోటులో కూలీకి కుదిరాడు. తనిఖీ ఉందని తెలియగానే బోటువాళ్లు పట్టుకుని తేలడానికి ఒక ఖాళీ డబ్బా చేతికిచ్చి మా తీరం దగ్గర నీళ్లలోకి దింపేసి పోయారు. ఏ దేశం మా అన్నయ్యను పట్టుకుందో ఆ దేశం కుర్రాడు ఈదుకుంటూ వచ్చి మా వదిన వండిన అన్నం తింటున్నాడు! వాడు తినడం చూసి ఆ పూట వదిన కూడా కడుపునిండా తింది.

ఓపిక రాగానే జమాల్ ఒడ్డుకొచ్చి తాడు పట్టాడు. ఏం లాగాడనుకున్నారు! వాళ్ల భాషలో ఏదో పాట అందుకుని ఊగుతూ లాగుతుంటే, పిల్లలు ఆ పాట పట్టేసి ఇసకలో పడి దొర్లారు. పేట పెద్ద వాటా తీసి వాడి ముందు పోశాడు. “తాడు పట్టినాడు. ఇంకేటడుగుతాం” అన్నాడు. మా ఊరికి అక్కడితో తీర్పయిపోయింది. వాడు వదిన పుట్టింటి వైపు చుట్టమని చెప్పుకుందాం, పెద్ద టీచరు మా బడిలో చదివాడని ఒక సర్టిఫికెట్ రాసిస్తే చాలు, మిగతా కాగితాలు వాటంతటవే వస్తాయని అందరం అనుకున్నాం. అందరం ఆవిడ వైపే చూశాం. ఆవిడ చేతులకంటిన ఇసక దులుపుకుని బడికి వెళ్లిపోయారు.

ఆ కొద్ది రోజులూ ఆవిడను చూడాలి. పిల్లల మీద గొంతెత్తని మనిషి ఊరికే కసురుకున్నారు. పెరుగన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తీసుకుపోయారు. పొద్దున్నే తాడు మీద జమాల్ పక్కనే నిలబడేవారు, వాడితో మాట్లాడేవారు కాదు. చివరికి ఒక సాయంత్రం నన్నూ వదిననూ జమాల్‌నూ బడి వరండాలో కూర్చోబెట్టి, వీణ్ణి మనమే పోలీసుల దగ్గరికి తీసుకెళదాం అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మీకు రూలే ముఖ్యం, మనిషి అక్కర్లేదు అని మొహం మీదే అనేశాను. “రెండూ కావాలే నాకు. అదే నా ఖర్మ” అన్నారు.

వదిన మాత్రం అరవలేదు. “టీచరమ్మా, మా ఆయనకక్కడ ఎవులైనా ముద్దెడతన్నారో లేదో నాకు తెల్దు. నానిక్కడ ఈడికెడతన్నాను. ఆ ముద్ద తీసియ్యమంతారేటి?” అంది.

ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “తియ్యమనను. మన మగాళ్లను మన్నించి పంపమని అర్జీలు రాస్తున్న చేత్తోనే వీడికి దొంగ కాగితం రాస్తే, రేపు నా అర్జీని ఎవరు నమ్ముతారు? అది ఒకటి. వీణ్ణి దాచామనుకో, బతికినన్నాళ్లూ దాక్కునే ఉండాలి. వాళ్లమ్మ దగ్గరికి ఎప్పటికీ పోలేడు. నేను చెప్పేది సరైందో కాదో నాకూ తెలియదు. వాణ్ణే అడుగు. వద్దంటే నేను నోరు విప్పను, సర్టిఫికెట్టూ రాయను. సరేనంటే వాడు బయటికొచ్చే దాకా నేను వెనకే ఉంటాను.”

వదిన అదంతా వాడికి చెప్పింది. జమాల్ జైలు వద్దన్నాడు. ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు. తరవాత అమ్మ అన్నాడు. ఆ ఒక్క మాట మాకెవరికీ తర్జుమా అక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున తలస్నానం చేసి, మా అన్నయ్య చొక్కా తొడుక్కుని వాడే వచ్చి బడి ముందు నిలబడ్డాడు.

పేట ఆడవాళ్లమంతా ఆటోలెక్కి వెంట వెళ్లాం. స్టేషన్‌లో వాళ్లు ఏ గొడవో అని హడలిపోయారు. పెద్ద టీచరు బెంచీ మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పారు. దాచి అన్నం పెట్టింది తమ బడేనని, పెట్టించింది తానేనని కూడా చెప్పారు. మీరు ఇరుక్కుంటారు అమ్మా అని ఎవరో అంటే, ఇరుక్కుంటాను అన్నారు. సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆఫీసుల చుట్టూ చాలాకాలం తిప్పారు. ఆవిడ ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు.

జమాల్‌ను జైలుకు పంపారు. నేను ఆవిడతో మాట్లాడటం మానేశాను. పక్కపక్క క్లాసుల్లో ఉండి పిల్లల చేత సుద్దముక్కలు పంపించుకున్నాం. అది తప్పని నేను ఇప్పటికీ అనను. కోపం వచ్చింది, చూపించాను. ఆవిడ మాత్రం అన్నమాట ప్రకారం వారం వారం వదినను వెంటబెట్టుకుని ములాఖత్‌కు వెళ్లారు. అరటిపళ్లు, బిస్కట్లు, ఒక బాలశిక్ష. ఇనప జాలీకి ఇటు నుంచి ఈవిడ పుస్తకాల తెలుగు నేర్పితే, వదిన మా పేట తెలుగు నేర్పింది. లాయర్ని పెట్టారు. వీడూ సముద్రం మీద కూలీయే, మా వాళ్లలాంటివాడే, పంపేటప్పుడు వీణ్ణీ పంపండి అని మళ్లీ అర్జీలు. ఇప్పుడు రెండు వైపుల వాళ్ల కోసమూ ఒకే చేత్తో రాశారు.

ఎట్టకేలకు రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. ఎవరి మనుషుల్ని వాళ్లు సముద్రం మధ్యలో అప్పగించుకున్నారు. మా అన్నయ్య ఇంటికొచ్చాడు! పేటంతా డప్పులు, బాణసంచా. అన్నయ్య కంచం ముందు కూర్చోగానే వదిన మొదట అడిగింది అదే, అక్కడ నీకు ఎవరైనా ముద్ద పెట్టారా అని. జైల్లో వంట చేసే ముసలాయన మన రుచి తెలుసుకుని పచ్చిమిరపకాయలు దాచి ఇచ్చేవాడట. వదిన కళ్లొత్తుకుంది. అప్పుడు అన్నయ్య చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, ఒక వింత జరిగిందన్నాడు.

“మా బోటు ఇటొస్తంటే ఆళ్ల బోటటు ఎల్తన్నాది. మాం ఒరే ఒరే అనుకుంటా అరుసుకుంతన్నాం. అది ఇనీసి, ఆ బోట్లోంచి ఓ కుర్రోడు లేసి నిలబడిపోనాడు. పెద్ద టీచరికి సెప్పండి, నా వాటా దాసమనండి అని ఒకటే అరుపు. బంగ్లాదేశోడికి మన మాటెలాగొచ్చినాదే?”

వదిన గరిట అక్కడే పడేసి బడికి పరుగెత్తింది. వెనక నేను, నా వెనక ఎంగిలి చేత్తో అన్నయ్య. పెద్ద టీచరు ఎక్కాలు చెప్పిస్తున్నారు. అన్నయ్య ఆ మాట చెప్పాడు. ఇంకోసారి చెప్పు అన్నారు. మళ్లీ చెప్పాడు. ఏదీ, వాడు అరిచినట్టు అరిచి చూపించు అన్నారు. అన్నయ్య అరిచాడు. క్లాసులో పిల్లలంతా అరిచారు. ఆవిడ బోర్డుకు ఆనుకుని, చీరకంతా సుద్ద అంటుకునేలా నవ్వారు. నేను వెళ్లి కౌగిలించుకుని ఏడ్చేశాను. “నాతో మాట్లాడతావుటే ఇక?” అన్నారు.

మర్నాడు తాడు లాగాక పేట పెద్ద వాటా వేస్తుంటే ఆవిడ ఇంకోటి అడిగారు. జమాల్‌ది అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా వేశాడు. ఆ రెండో వాటా ఏ రోజుకారోజు మగదిక్కు లేని ఇంటికి పంపేవారు. రిటైరయ్యాక కూడా వీలైనప్పుడల్లా ఆటోలో వచ్చి తాడు పట్టేవారు. రాని రోజు కూడా రెండు వాటాలూ పక్కకి పడేవి.

మొన్న కబురు తెలిసిన పొద్దున కూడా వల ఒడ్డుకొచ్చింది. నిండా కవళ్లు. పేట పెద్ద అందరికీ పంచి, చివర్లో ఒక కుప్ప పోశాడు. దాని పక్కనే ఇంకొకటి పోసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. జమాల్ తన ఊరు చేరినప్పటి నుంచి వదినకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. వదిన జమాల్‌కు వీడియో కాల్ చేసి సంగతి చెప్పింది. వాడి వెనక వాళ్లమ్మ నిలబడి ఉంది.

“వల లాగినారా?” అన్నాడు వాడు.

లాగాం అంది వదిన.

“ఆయమ్మ వాటా ఏసినారా?”

వదిన ఫోను కిందికి తిప్పి చూపించింది. తడి ఇసక మీద రెండు కుప్పలు పక్కపక్కనే ఉన్నాయి. చేపలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.