రాహేలుకి వచ్చిన మార్కులు

అంగన్‌వాడీ ఆయాగా పనిచేసి దిగిపోయిన రాహేలు, అరవై ఎనిమిదో ఏట అవనిగడ్డలో తన ఇంటి అరుగు మీద పరీక్షకి కూర్చుంది. పరీక్ష పెట్టింది బందరులో సైకాలజీ చదువుతున్న మనవరాలు సుమలత. ఒక్కో కుటుంబంలో మూడు తరాలవాళ్లకి ఒకే ప్రశ్నలిచ్చి, తెలివితేటల మార్కులు పోల్చడం ఆ అమ్మాయి ప్రాజెక్టు.

"కొడవలికీ పారకీ పోలికేంటి అమ్మమ్మా?"

"పోలికెక్కడిదే? కొడవలి కోతకి, పార గట్టుకి."

రెండూ పనిముట్లు అనాలట. సున్నా పడింది. బొమ్మల వరసలో ఖాళీ గడి నింపడమూ అంతంతమాత్రమే. నర్సుగా చేస్తున్న కూతురు కృపాకుమారికి అంతకంటే బాగా వచ్చాయి, సుమలతకి ఇంకా ఎక్కువ.

రాహేలు చిన్నబుచ్చుకోలేదు. అన్నం తింటూ కూడా అదే ఆలోచించింది.

"నా రక్తమే కదే మీది? రెండు తరాల్లో తెలివి ఇంత ఎలా పెరిగింది?"

"ఇంత తొందరగా జన్యువులు మారవు అమ్మమ్మా. తిండి మారింది, బడి మారింది. ఇలాంటి ప్రశ్నలు మాకు చిన్నప్పట్నుంచీ అలవాటు."

"అయితే పుట్టుకతో వచ్చేదేం లేదంటావా?"

"ఉంది. ఒకేలా పెరిగినవాళ్ల మధ్య తేడాల్లో దానికీ వాటా ఉంటుంది."

రాహేలు తన తమ్ముడు దైవాధీనం సంగతి ఎత్తింది.

"ఇద్దరం నోటిలెక్కలు చేసేవాళ్లం. వాడు నాకంటే రవ్వంత చురుకు. అది చూసి పాస్టరు గారు వాణ్ణి బందరు హాస్టల్లో చేర్పించారు. అక్కడ మంచి మాస్టార్లు, పోటీపడే స్నేహితులు. వాడు లెక్చరరయ్యాడు. నేను నాట్లకెళ్లాను. పుట్టినప్పుడు మా మధ్య ఇంత తేడా లేదే!"

సుమలత గబగబా రాసుకుంది. "అదే అమ్మమ్మా! చిన్న తేడా మంచి చోటికి తీసుకెళ్తుంది. ఆ చోటు తేడాని ఇంకా పెంచుతుంది. ఇది చెప్పడానికి మా మేడంకి మూడు రోజులు పట్టింది."

"వాడు మగపిల్లాడు కాబట్టే పంపారు. అదీ రాసుకో."

మరుసటి వారం ఇంకో కుటుంబాన్ని అదే ప్రశ్నలు అడగడానికి మంగినపూడి జాలరిపేటకి వెళ్తున్న మనవరాలితో పాటు రాహేలు కూడా బస్సెక్కింది. అక్కడ ఓ ముసలావిడ, తనలాగే, పోలిక అడిగితే తేడా చెప్పింది. సుమలత సున్నా వేయబోయింది.

"మార్కు నీ ఇష్టం. ఆవిడ చెప్పింది మాత్రం పక్కన రాయి," అంది రాహేలు. ఆవిడ వైపు జరిగి కూర్చుంది. "ఎందుకలా అనిపించింది వదినా?"

సుమలత కాగితం మీద కొత్త గీత గీసి, మార్కు గడి పక్కన జవాబు రాయడానికి రెండో గడి చేసింది.