లాటిన్‌లో పెట్టిన పేరు

మధురవాడలో మొబైల్ గేములు తయారుచేసే ఆఫీసులో నా పని పేర్లు పుట్టించడం. రాజ్యాలకి, రాక్షసులకి, మంత్రాలకి. లాటిన్ నిఘంటువులో ఓ మాట పట్టుకుని చివర గంభీరమైన తోకొకటి తగిలించేవాణ్ణి. చీకటిని 'టెనెబ్రే' అంటారు; అందులోంచి టెనెబ్రాన్ అనే మాంత్రికుడు పుట్టాడు. ఆఫీసులో ఈ విద్య నాకొక్కడికే వచ్చు. అదే నా పొగరు.

బొమ్మలు గీసే అతను గాజువాక నుంచి వచ్చేవాడు. చిన్నప్పుడు లారీ గుద్ది ఎడమకాలు పొట్టిదైపోయింది. అతను గీసిన గుర్రపు వీరుణ్ణి చూసి మా బాస్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నా పేర్లకి ఎవరూ ఏనాడూ కొట్టలేదు.

"బావా, ఈడికి మంచి పేరెట్టు. ఈడు నానే అనుకో," అన్నాడతను మురిసిపోతూ.

క్లాడోరస్ అని పెట్టాను.

"అంటే ఏటి?"

"తలుపులు మూసిన కోట. ఎవడూ బద్దలు కొట్టలేనిది."

మూయడాన్ని లాటిన్‌లో 'క్లాడెరె' అంటారు, నిజమే. కానీ నేను తీసుకున్న మాట 'క్లాడస్'. కుంటివాడు.

అతను ఆ పేరుని బండి ట్యాంకు మీద ఎర్రరంగుతో రాయించుకున్నాడు. అసలు అర్థం నేను ఇద్దరికి చెప్పాను; వారంలో అందరికీ పాకింది. అతను లోపలికొస్తుంటే "క్లాడోరస్ వచ్చాడు!" అని అరిచేవాళ్లం. చెయ్యెత్తి నవ్వేవాడు. నాలుగు నెలలు అలా నవ్వాడు.

కొత్తగా చేరిన అమ్మాయి, అతనికి తెలుసనుకుని, "అలా పిలుస్తుంటే మీకు బాధగా లేదా అండీ?" అని అడిగేసింది. అర్థం కూడా ఆమే చెప్పాల్సొచ్చింది.

ఆ సాయంత్రం పార్కింగులో తాళంచెవితో ట్యాంకు మీది అక్షరాలు గీకుతూ కనిపించాడు. "ఏదో సరదాకి బావా," అన్నాను.

"కుంటోడా అని తెలుగులో పిలిసుంటే అక్కడే సెంప పగలగొట్టీవోణ్ణి. నువ్వు నా సేతే రాయించావు. ఇంట్లో నా కూతురు కూడా నన్నలాగే పిలుత్తంది."

నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. గేము విడుదలైంది. పేరు మార్చమని నేను అడగలేదు. అడిగితే ఎందుకో చెప్పాలి. పిల్లలకి ఆ వీరుడే బాగా నచ్చాడు. నాకు జీతం పెరిగింది.

తరవాత మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి అతని భార్య ఎత్తింది. "మీ పేరు సూసి ఫోను నాకిచ్చీసినారు. ఇంక సెయ్యకండి బాబూ."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాటతో నాకు బాధకన్నా హాయే ఎక్కువ కలిగింది.