మామ షిఫ్టు మీద వేసిన లెక్క

నాలుగు నిమిషాల పాట ఒకటి నన్ను నిండా ముంచింది. మునిగింది లెక్క తప్పి గనుక ఆ లెక్క కూడా చూపిస్తాను.

అప్పటికి నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి నౌకరీకి ఎక్కి రెండేళ్లు. ఎదురు క్వార్టర్ వేరే బాయిలో పనిచేసే రాజేశంది. గల్లీ అంతా ఆయనను 'కాక', అంటే బాబాయి, అనేది. నేనొక్కడినే ముందుచూపుతో 'మామ' అనేవాడిని. ఆయన కూతురు సునీత అంటే నాకు ఇష్టం, కానీ చెప్పడానికి నోరు రాదు. ఒక శనివారం తెలిసింది, మందమర్రి నుంచి ఆమెను చూడటానికి వస్తున్నారని. చేతిలో ఎనిమిది రోజులు.

ఆ రోజుల్లో ఒక పాప్ క్యాసెట్ నాకు పిచ్చెక్కించింది. మొదటి పాటలో 'దిల్' ఇరవై మూడుసార్లు, 'లలలా' నలభై ఒకటి, అర్థం సున్నా. అయినా వింటే ఛాతీలో గోలీ సోడా కొట్టినట్టుండేది. నాకు చేతకానిది ఆ పాటే చెప్పేస్తుందని నమ్మాను. (నవ్వకండి. మీరూ ఏదో ఒక పాటకు అద్దం ముందు తల దువ్వుకున్నవాళ్లే.)

సాయంత్రం నాలుగున్నరకు నల్లా వస్తుంది, సునీత బిందెతో బయటికి వస్తుంది. మామ ఇంట్లో ఉండకూడదు. ఆ వారం ఆయనది మొదటి షిఫ్టు. మా బాయిలో వారం వారం మారుతూ మొదటిది అయ్యాక మధ్యాహ్నం మొదలయ్యే రెండోది, ఆ తర్వాత రాత్రిది. అంటే సోమవారం ఆ వేళకు మామ భూమి కింద! రెండుసార్లు సరిచూసుకున్నాను.

సోమవారం కిటికీలో టేప్‌రికార్డర్ పెట్టి సౌండు మొత్తం పెంచాను. మూడో 'దిల్' దగ్గర సునీత నా వైపు చూసి నవ్వింది. ఏడో 'దిల్' దగ్గర ఎదురు తలుపు తెరుచుకుంది. లుంగీ, బనీను, నిప్పుల్లాంటి కళ్లు. మామ!

"ఎవడ్రా గది? రాత్రి డ్యూటీకి పోవాలె, జరసేపు పండుకోనియ్యవా?"

"మామా... ఈ వారం నీది రెండో షిఫ్టు కదా?"

"మా బాయిల మొదటి దాని తర్వాత రాత్రిదే వస్తది. అయినా నా షిఫ్టుతోని నీకేం పని?"

ఒక్కో బాయిలో షిఫ్టు ఒక్కో తీరుగా తిరుగుతుందని తెలియని కార్మికుడు కోల్‌బెల్టు మొత్తంలో నేనొక్కడినే. మామ గల్లీ దాటి లోపలికే వచ్చేశాడు. టేప్ ఆపబోయాను.

"బంద్ చెయ్యకు!"

ఇరవై మూడో 'దిల్' దాకా కూర్చుని విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "మల్ల పెట్టు."

మూడుసార్లు పెట్టించుకున్నాడు. "మీ అత్తమ్మ కొత్తగ వచ్చినప్పుడు నాకు లోపల గిట్లనే ఉంటుండె. చెప్పరాకపాయె."

మీ అత్తమ్మ! ఆయన నోటితోనే అన్నాడు! నేను మనసులో పెళ్లి కార్డులు పంచడం కూడా మొదలుపెట్టాను.

"ఈ క్యాసెట్ నాకియ్యి. ఆదివారం పిలగాడొస్తుండు. ఇద్దరు బిగుసుకొని కూసుంటే ఎట్ల? పాట పెడ్త."

కాదందామంటే, నా బదులు మాట్లాడాల్సిన పాటేమో అప్పటికే ఆయన చంకలో ఉంది.

ఆదివారం ఎదురింట్లో పాట మోగింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పదిహేనో 'దిల్' దగ్గర మందమర్రి పిలగాడు నవ్వాడట, పదహారో దానికి సునీత. సంబంధం ఖాయం.

సాయంత్రం సునీతే వచ్చి క్యాసెట్, రెండు లడ్డూలు చేతిలో పెట్టింది. "అన్నా, నీ పాట పుణ్యమాని కుదిరింది."

"మరి సోమవారం నల్లా కాడ ఎందుకు నవ్వినవ్?"

"లోపల నాయిన పండుకున్నడు. నీ పని అయిపాయె అని నవ్వొచ్చింది!"

ఆ రోజు నుంచి ఆయన నాకూ కాకే.

కనుక బొగ్గు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇంటాయనది ఏ బాయో, ఆ బాయిలో షిఫ్టు ఎటు తిరుగుతుందో కనుక్కోకుండా ఈ జన్మలో ఏ ఇంటి ముందూ ప్రేమ పాట పెట్టను. కాక ఎప్పుడో రిటైరయ్యాడు. అయినా ఆ పాట ఎక్కడ వినబడ్డా, నేను ముందు సౌండు తగ్గించి ఎదురు తలుపు వైపు చూస్తాను.