గంధర్వులు పట్టే విల్లు

పడవలు బాగుచేసే వడ్రంగి గంగాధరానికి తెలియని సంగతులు లోకంలో చాలా ఉన్నాయి గానీ, గంధర్వులు ఎలాంటి విల్లు పడతారో ఆయనకు తెలిసినంతగా గంధర్వులకే తెలియదు.

కోట అనే ఊరికి అవతల సముద్రపొడ్డు పల్లెలో గంగమ్మ తిరునాళ్ళకు ఏటా నాటకం ఆడతారు. పంతొమ్మిది వందల అరవై రెండులో, ఆ నాటకాలు ఆడించే కామాక్షయ్య సొంతంగా ఒక గంధర్వుల కథ అల్లి, విల్లు చేసే పని గంగాధరానికి అప్పగించాడు. కోరి కొరివితో తల గోక్కున్నాడు పాపం.

"వెదురుతో చేసినావా?" అని అడిగాడు కామాక్షయ్య.

"వెదురు మనుషులు పట్టేదన్నా. గంధర్వులు పట్టరు."

"పోనీ, సరుగుడు?"

"బరువు. గాల్లో తిరిగేవాళ్ళు దాన్ని మోసుకోని ఎట్టా ఎగరతారు?"

"నువ్వు గంధర్వుల్ని చూసినావా?"

"చూడకపోతే మాత్రం, వాళ్ళ ఇబ్బంది తెలీదా?"

గంగాధరం చింతకొమ్మ వంచి చూశాడు, మొండిదని పారేశాడు. నారతాడు బిగించాడు, గంధర్వుల వేళ్ళు కోసుకుపోతాయని విప్పేశాడు. "కానియ్యండి, నాకు పొయ్యిలోకి కట్టెల కరువు తీరింది" అంది ఆయన భార్య చెంచమ్మ.

కామాక్షయ్య దిగులు వేరు. గంధర్వరాజు వేషం చిన్నపోలయ్యది. ఊరంతా వినబడే గొంతు. కానీ మొన్న వల లాగుతూ భుజం పట్టేసి, కుడిచేతిలో బలం లేకుండా పోయింది. ఆఖరి రంగంలో రాజు రాక్షసుడి మీద బాణం వెయ్యాలి. విల్లు లాగలేకపోతే వేషం ఇంకో వేషగాడు మస్తానయ్యకు ఇచ్చెయ్యమన్నారు ఊరి పెద్దలు. వేషాలే ప్రాణంగా బతికే మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక కామాక్షయ్యకు అన్నం సయించలేదు.

ఆఖరి రిహార్సలు నాటికి గంగాధరం విల్లు తెచ్చాడు. ఒళ్ళంతా బంగారు కాగితం చుట్టిన లావుపాటి విల్లు. దాన్ని చూడగానే చిన్నపోలయ్య ముఖం వాడిపోయింది. పెద్దలు గుడ్లప్పగించి చూస్తుండగా భయం భయంగా రెండు వేళ్ళతో తాడు లాగాడు. అది సాగి సాగి చెవిదాకా వచ్చింది!

"వేషం నీదేరా పోలయ్యా!" అన్నారు పెద్దలు. అతను పద్యం అందుకున్నాడు, ఇక ఆపితే ఒట్టు.

కామాక్షయ్య విల్లు చేతిలోకి తీసుకున్నాడు. దూదిలా తేలిపోతోంది. కాగితం గోటితో గీకి చూస్తే మునగకర్ర. తాడు మీది కాగితం కింద నల్లగా సైకిలు ట్యూబు. పోలయ్య లాగగలిగేది కుదిరేదాకా గంగాధరం అన్ని వంకలు పెట్టాడన్నమాట! ఆ మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. అయినా పైకి గదమాయించాడు.

"ఏంది గంగాధరం ఇది? గంధర్వలోకంలో సైకిళ్ళు యాడివి?"

గంగాధరం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గంధర్వులకు భుజాలు నొప్పి పుట్టవా అన్నా?"

కామాక్షయ్య విల్లు ఆయన చేతిలో పెట్టాడు.

"ఇంకో చుట్టు కాగితం చుట్టు. ట్యూబు కనపడతా ఉండాది."